ఇద్దరు తాతయ్యలు, ఒకే ఫిరంగి బ్యాటరీ: యుద్ధకాలపు కాగితాల కోసం మా వెతుకులాట

మా నాన్నగారి నాన్న, మా అమ్మ నాన్న ఇద్దరూ రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే ఫిరంగి రెజిమెంటులో, ఒకే బ్యాటరీలో (రెజిమెంటులో కొన్ని ఫిరంగులు ఉండే ఒక విభాగం) పనిచేశారు. యుద్ధం ముగిశాక ఒకరు పశ్చిమ గోదావరిలోని సొంతూరికి, మరొకరు గోదావరి అవతల కోనసీమకు వెళ్లిపోయినా స్నేహం వదులుకోలేదు. ఇరవై ఏళ్లు దాటాక ఆ స్నేహమే వియ్యంగా మారి మా అమ్మానాన్నల పెళ్లి జరిగింది. పిల్లలం నాన్నగారి నాన్నను మిలటరీ తాతయ్య అనీ, అమ్మ నాన్నను డ్రైవర్ తాతయ్య అనీ పిలిచేవాళ్లం. మిలటరీ తాతయ్య 1989లో, డ్రైవర్ తాతయ్య 1997లో పోయారు.

వాళ్లు ఎప్పుడు చేరారో, ఎక్కడెక్కడ పనిచేశారో, ఎప్పుడు తిరిగొచ్చారో కాగితం మీద చూడాలనే కోరిక నాన్నది. 2023 సంక్రాంతికి అందరం ఊళ్లో కలిసినప్పుడు ఆ పని నేను తీసుకున్నాను. ఏడాదికి పైగా పట్టింది. ఏం దొరికింది, ఏది ఇక ఎప్పటికీ దొరకదు, ఎంతెంత కాలం ఎదురు చూడాలి అన్నది జరిగిన వరుసలోనే రాస్తున్నాను. గోదావరి జిల్లాల్లో ఇలాంటి తాతయ్యలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్నయితే జనం మిలటరీ మాధవరమనే పిలుస్తారు. వాళ్లలో కొందరికైనా పనికొస్తుందని నా ఆశ. రెజిమెంటు నంబరు మాత్రం మా మేనమామల కోరిక మీద ఇక్కడ ఇవ్వడం లేదు.

మొదట ఇంట్లో ఉన్నవన్నీ ఒకచోట చేర్చాం. మిలటరీ తాతయ్యవి నక్షత్రం ఆకారపు పతకాలు రెండు, గుండ్రటి పతకం ఒకటి ఉన్నాయి. నక్షత్రాల్లో ఒకటి 1939–45 స్టార్, రెండోది బర్మా స్టార్. రిబ్బన్లు చిరిగి పీలికలయ్యాయి. డ్రైవర్ తాతయ్య సామాను 1986 ఆగస్టు గోదావరి వరదలో చాలావరకు పోయింది. మిగిలింది ఒక్క డిశ్చార్జి సర్టిఫికెట్. అది తడిసి, ఆరి, మడతల దగ్గర చిరిగింది. కింది సగంలో సిరా మొత్తం కారిపోయింది. పై సగంలో నంబరు, పేరు, ర్యాంకు, రెజిమెంటు, డ్రైవర్ అనే మాట స్పష్టంగా ఉన్నాయి. ఆ పై సగం నిలవకపోతే ఈ వెతుకులాట మొదటి నెలలోనే ఆగిపోయేది.

సైనికుడి నంబరు ఎంత అవసరమో నాకు అప్పటికి తెలియదు. ఫిబ్రవరిలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే అక్కడి ఉద్యోగి మొదట అడిగింది అదే. "పేరుతో వెతకలేమమ్మా. ఒకే పేరున్నవాళ్లు ఎంతోమంది ఉంటారు. నంబరు తీసుకురండి" అన్నారు. డ్రైవర్ తాతయ్య నంబరు చేతిలో ఉంది. మిలటరీ తాతయ్యది ఎక్కడ వెతకాలో అర్థం కాలేదు. ఆ రోజు అదే కార్యాలయానికి పింఛను పని మీద వచ్చిన ఒక పెద్దాయన మా మాటలు విని పక్కకు పిలిచారు. ఆయన ఫిరంగి దళంలోనే చేసి సుబేదారుగా రిటైరయ్యారు. "పతకాలున్నాయా అమ్మా? నక్షత్రాన్ని వెనక్కి తిప్పి చూడండి" అన్నారు.

బ్రిటిష్ సైనికులకు ఈ యుద్ధపు పతకాలు పేర్లు లేకుండానే ఇచ్చారట. భారతీయ సైనికులకు ఇచ్చిన నక్షత్రాల వెనక మాత్రం నంబరు, ర్యాంకు, పేరు, దళం అచ్చు గుద్ది ఉంటాయి. ముప్ఫై నాలుగేళ్లు మా బీరువాలో ఉన్న వస్తువును ఎవరం వెనక్కి తిప్పి చదవలేదు. ఇంటికి వచ్చి చూస్తే అక్షరాలున్నాయి కానీ బాగా అరిగిపోయాయి. నాన్నమ్మ ప్రతి దసరాకూ ఇత్తడి సామానుతో పాటు వాటినీ చింతపండు పెట్టి తోమేదని నాన్న చెప్పారు. దీపం వెలుగు ఎదురుగా పడితే ఏమీ కనబడదు. చీకటి గదిలో టార్చిని పక్కనుంచి, దాదాపు నక్షత్రానికి ఆనించినట్టు పెట్టి ఫోనుతో ఫొటో తీస్తే అంకెలు లేచాయి. ఒక్క అంకె మాత్రం 3 అవునో 8 అవునో తేలలేదు. "రెండూ రాయండి. వెతికేవాళ్లు పేరు, తండ్రి పేరు చూసి పోల్చుకుంటారు" అన్నారు సుబేదారు గారు. ఇంకోమాట కూడా చెప్పారు: ఇకమీదట ఆ పతకాలను దేనితోనూ తోమవద్దని. మీ ఇంట్లో ఉన్నా అదే చేయండి. మెరుపు కోసం అక్షరాలు పోగొట్టుకోవద్దు.

అప్పటినుంచి ఆ సుబేదారు గారే మాకు దారి చూపించారు. తర్వాత జరిగిన ప్రతి పనిలోనూ ఆయన చెయ్యి ఉంది. ఒక్క రూపాయి తీసుకోలేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా పతకాలకు నమస్కారం చేసి గానీ కూర్చునేవారు కాదు.

ఫిరంగి దళం వాళ్ల రికార్డులు మహారాష్ట్రలోని నాసిక్ రోడ్ క్యాంపులో ఉంటాయి. ఇద్దరి వివరాలతో వేర్వేరు అర్జీలు రాసి, మరణ ధ్రువపత్రాలు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మా ఆధార్ నకళ్లు జతచేసి మార్చిలో స్పీడ్ పోస్టులో పంపాం. కాగితాలు కూడగట్టడమే పెద్ద పని. మిలటరీ తాతయ్య మరణం పంచాయతీలో నమోదై ఉంది గానీ ఇంటిపేరు ఒక అక్షరం తేడాగా పడింది. దాన్ని సరిచేయించడానికే మూడు వారాలు పోయాయి. అర్జీలు పంపాక ఏప్రిల్, మే, జూన్ నెలలు ఏ కబురూ లేకుండా గడిచాయి. పోస్టుమాన్ మా గుమ్మం ముందు సైకిలు ఆపినప్పుడల్లా నాన్న వాకిట్లోకి వచ్చేవారు. కరెంటు బిల్లో, బ్యాంకు ఉత్తరమో తీసుకుని లోపలికి వెళ్లిపోయేవారు. ఆ మూడు నెలలు నాకన్నా నాన్నకే కష్టంగా గడిచాయి.

జులైలో సుబేదారు గారి సలహాతో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. దానికి పది రూపాయల పోస్టల్ ఆర్డరు చాలు. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలని చట్టంలో ఉంది. ఇక్కడ ఒక మెలకువ: "మా తాతగారి వివరాలన్నీ ఇవ్వండి" అని రాస్తే పని జరగదు. ఏ కాగితం కావాలో దాని పేరుతో అడగాలి. షీట్ రోల్ అంటే ఆ సైనికుడి పూర్తి సర్వీసు పత్రం. లాంగ్ రోల్ అంటే దళంలో చేరిన ప్రతి ఒక్కరికీ ఒక వరుస చొప్పున రాసే పెద్ద రిజిస్టరు. "షీట్ రోల్ నకలు, అది లేకపోతే లాంగ్ రోల్ లోని వివరం" అని సుబేదారు గారు దగ్గరుండి రాయించారు.

ఆగస్టు చివర్లో జవాబు వచ్చింది. కవరు నాన్నే విప్పారు. పింఛను రాని సైనికుల షీట్ రోల్‌ను ఇరవై అయిదేళ్ల గడువు తర్వాత నియమం ప్రకారం నాశనం చేస్తారని, ఇద్దరివీ అలాగే పోయాయని మొదటి పేరాలో ఉంది. నాన్న కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టేశారు. 1946లో విడుదలైన మనిషికి ఇరవై అయిదేళ్లంటే 1971. అప్పటికి తాతయ్య నిక్షేపంగా ఉన్నారు, పొలంలో నాట్లు వేయిస్తున్నారు. ఆయన ఎత్తు, ఛాతీ కొలత, ఒంటి మీది మచ్చలు, ఎక్కిన ఓడలు, పడిన జ్వరాలు, పడ్డ శిక్షలు, పొందిన మెప్పులు అన్నీ ఉన్న కాగితం ఆయన బతికుండగానే లేకుండా పోయింది. యుద్ధానికి వెళ్లి, పదిహేనేళ్ల సర్వీసు లేనందున పింఛను లేకుండా ఇంటికి చేరిన వాళ్లందరి సంగతీ ఇంతే. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. పింఛను ఇవ్వకపోవడం ఒకటి, ఆ కారణంగానే ఆనవాలు కూడా ఉంచకపోవడం మరొకటి.

రెండో పేజీలో లాంగ్ రోల్ వివరం ఉంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుస. మిలటరీ తాతయ్య వరుసలో నంబరు (అనుమానం ఉన్న ఆ అంకె 8 అని తేలింది), పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, పశ్చిమ గోదావరి జిల్లా, మద్రాసు ప్రావిన్సు, చేరిన తేదీ, విడుదలైన తేదీ, కారణం. ఊరి పేరును ఎవరో ఉత్తరాది గుమాస్తా విన్నట్టు రాసుకున్నాడు. చదివితే నవ్వొచ్చేలా ఉన్నా అది మా ఊరే. తండ్రి పేరు సరిగ్గా ఉంది. నాన్న ఆ వరుసను వేలితో తడుముతూ మళ్లీ మళ్లీ చదివారు.

ఆ వరుసలోనే మా ఇంటి కథ ఒకటి తారుమారైంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అది విని కోపం పట్టలేక తాతయ్య పట్టాళంలో చేరారని మేమందరం విని పెరిగాం. లాంగ్ రోల్ ప్రకారం ఆయన చేరింది 1941 నవంబరు. బాంబులకు అయిదు నెలల ముందే. జపాను అప్పటికి ఇంకా యుద్ధంలోకే రాలేదు. ఇంట్లో కొందరు కాగితమే తప్పన్నారు. తాతయ్య చెల్లెలు, మేము మామ్మ అని పిలిచే ఆవిడ, అప్పటికి తొంభై దాటి ఉన్నారు. వెళ్లి అడిగాం. ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"అప్పు తీర్చడానికి వెళ్లాడురా అన్నయ్య. రెండెకరాలూ తాకట్టులో ఉంది. నాకప్పుడు పదేళ్లు. తెల్లారి లేచేసరికి లేడు, అమ్మ ఏడుస్తోంది. ఆ తర్వాత నెలనెలా మనియార్డరు వచ్చేది. ఆ డబ్బుతోనే నాన్న పొలం విడిపించాడు" అని నాన్నతో చెప్పారు. మరి బాంబుల కథ? అది నాన్నమ్మది. ఆవిడ పుట్టిల్లు కాకినాడ. బాంబులు పడిన రోజు పెద్దలు పిల్లల్ని బండెక్కించి పల్లెకు తరలించారట. నాన్నమ్మ తన కథ, తాతయ్య కథ ఒకే ఊపులో చెప్పేది. వింటూ వింటూ మేం రెండూ కలిపేసుకున్నాం. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వస్తూ దారిలో ఆ రెండెకరాల దగ్గర బండి ఆపమన్నారు. ఆ చెక్క ఇప్పటికీ మాదే. నాకైతే పాత కథకన్నా ఈ కథే గొప్పగా అనిపించింది.

చేరిన తేదీ, వచ్చిన తేదీ దొరికాయి. మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే రెజిమెంటు యుద్ధ దినచర్య (యుద్ధంలో దళం రోజువారీగా రాసిన రికార్డు) చూడాలి. ఆగ్నేయాసియా యుద్ధరంగంలో పనిచేసిన దళాల దినచర్యలు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో (బ్రిటన్ ప్రభుత్వ పాత దస్తావేజులు ఉండే చోటు) డబ్ల్యూ.ఓ. 172 అనే వరుసలో ఉన్నాయి. భారతీయ ఫిరంగి రెజిమెంట్లవీ అందులో ఉన్నాయి. కేటలాగును ఇంట్లో కూర్చుని ఉచితంగా వెతుక్కోవచ్చు. దినచర్య పేజీలు చూడాలంటే మాత్రం ఎవరో ఒకరు అక్కడికి వెళ్లాలి, లేదా డబ్బు కట్టి నకళ్లు తెప్పించుకోవాలి. మా పెదనాన్నగారి అమ్మాయి లండన్‌లోనే ఉద్యోగం చేస్తోంది. ఆర్కైవ్స్‌కు ఆది, సోమవారాలు సెలవు. అక్కకు పనిదినాల్లో తీరదు. అందుకని అక్టోబరులో ఒక శనివారం చూసుకుని, కావలసిన ఫైళ్లు ముందే చెప్పి ఉంచి వెళ్లింది. రీడర్స్ టికెట్‌కు డబ్బు తీసుకోరు గానీ గుర్తింపు కార్డు, చిరునామా రుజువు కావాలి. లోపలికి పెన్ను తీసుకెళ్లనివ్వరు, పెన్సిలే. సొంత కెమెరాతో ఫొటోలు తీసుకోవడానికి రుసుము లేదు. అక్క పొద్దున వెళ్లి మూసేవరకు ఫోనుతో పేజీలు తీస్తూనే ఉంది. చార్జింగు అయిపోతుందని వెంట బ్యాటరీ తీసుకెళ్లడం మంచిదైంది.

ఆ ఫొటోలు చదవడానికి మాకు నెలన్నర పట్టింది. కొన్ని టైపు చేసినవి, కొన్ని పెన్సిలుతో రాసినవి, కొన్ని కార్బను నకళ్లు. నాలుగు గడులు ఉంటాయి: చోటు, తేదీ, గంట, జరిగిన విషయం. నిండా పొడి అక్షరాలే. ఆదివారాలు సుబేదారు గారు వచ్చి కూర్చుంటే ఒక్కో వాక్యం విప్పుకుంటూ వెళ్లాం.

1944 మార్చి నెలాఖరు నుంచి పేజీల తీరు మారిపోయింది. జపాను సేన ఇంఫాల్ – కోహిమా రోడ్డును తెంపేసింది. అది తిరిగి తెరుచుకున్నది జూన్ 22న. దాదాపు మూడు నెలలు ఇంఫాల్ మైదానంలో ఉన్న సైన్యానికి తిండి, మందుగుండు అన్నీ విమానాల్లోనే వచ్చాయి. "ఆకాశం నుంచి బియ్యం వచ్చేవి" అని తాతయ్య అన్నప్పుడు అది మమ్మల్ని అన్నం తినిపించడానికి అల్లిన కథ అనుకునేవాళ్లం. దినచర్యలో రేషను తగ్గించిన రోజు ఉంది. ఫిరంగికి రోజుకు ఇన్ని గుండ్లకు మించి పేల్చవద్దన్న ఆదేశం ఉంది. వాన వచ్చిన రోజులన్నీ ఉన్నాయి, వానకు ఫిరంగులు బురదలో దిగబడిన రోజులూ ఉన్నాయి. అమ్మ ఆ వాక్యం దగ్గర ఆపమంది. డ్రైవర్ తాతయ్య పని ఆ ఫిరంగులను లాగే బండి నడపడమే. యుద్ధం తర్వాత బస్సు డ్రైవరయ్యారు. కోనసీమ మట్టి రోడ్ల మీద వానాకాలంలో బస్సు దిగబడితే ప్రయాణికులు కంగారు పడుతుంటే ఆయన నెమ్మదిగా దిగి చక్రాల కింద కొమ్మలు, రాళ్లు పేర్చేవారట. "ఇదేం బురద!" అనేవారట. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అమ్మకు అరవై ఏళ్ల తర్వాత తెలిసింది.

మిలటరీ తాతయ్యకు కుడి చెవి వినబడేది కాదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి పోయిందని ఇంట్లో అనుకునేవారు. భోజనానికి కూర్చుంటే కుడివైపు గోడ ఉండేలా చూసుకునేవారు, పిల్లలందరం ఎడమవైపే కూర్చోవాలి. ఒక ఆదివారం మాటల మధ్య ఈ సంగతి చెబితే సుబేదారు గారు కాగితం తీసుకుని ఫిరంగి బొమ్మ గీశారు. వాళ్ల బ్యాటరీవి 25 పౌండర్లు, అంటే 25 పౌండ్ల గుండును పేల్చే ఫిరంగులు. ఒక్కో ఫిరంగికి ఆరుగురు మనుషులు. గురి చూసే లేయర్ ఫిరంగికి ఎడమ పక్కన కూర్చుంటాడు, అతని కుడి చెవి ఫిరంగివైపు ఉంటుంది. ఆ రోజుల్లో చెవులకు రక్షణ ఏమీ ఉండేది కాదు, మహా అయితే దూది. "ఆయన అద్దంలోంచి చూడడం, చక్రం తిప్పడం గురించి ఎప్పుడైనా చెప్పారా?" అని అడిగారు. నాన్న వెంటనే అందుకున్నారు. చెప్పేవారు. అద్దంలో చూసి రెండు చేతులతో చక్రాలు తిప్పేవాణ్నని చాలాసార్లు చెప్పేవారు. "అయితే ఆయన లేయరే అమ్మా" అన్నారు సుబేదారు గారు. షీట్ రోల్ ఉంటే ఈ మాట అందులో రాసి ఉండేది. అది లేకపోయినా ఆయన కూర్చున్న చోటు మాకు తెలిసింది.

దినచర్య చదివేవాళ్లు ఒక విషయానికి మనసు సిద్ధం చేసుకోవాలి. అందులో పేర్లుండేది ఆఫీసర్లకే. ఏ కెప్టెన్ సెలవు మీద వెళ్లాడో, ఏ మేజర్‌కు మలేరియా వచ్చిందో రాసి ఉంటుంది. మన తాతయ్యలు ఐ.ఓ.ఆర్.లు. అంటే ఆఫీసర్లు కాని భారతీయ సైనికులు. వాళ్లకు అంకె మాత్రమే ఉంటుంది. వందల పేజీల్లో మా ఇద్దరి పేర్లూ ఒక్కసారి కూడా రాలేదు. 1944 మే రెండో వారంలో ఒక రోజు కింద ఇలా ఉంది: శత్రువు గుండ్లు కురిపించాడు, 1 ఐ.ఓ.ఆర్. మరణం, 2 ఐ.ఓ.ఆర్.లకు గాయాలు.

ఆ వాక్యం చదవగానే నాన్న, అమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ముగ్గురం వెళ్లాం, ఇద్దరం వచ్చాం" అనేవారు తాతయ్యలిద్దరూ. మూడో ఆయన రాజోలు తాలూకా మనిషి. గుండ్లు అందించే పని. బాగా పాడేవారట. ఆయన ప్రస్తావన వస్తే డ్రైవర్ తాతయ్య లేచి బయటికి వెళ్లిపోయేవారు.

చనిపోయినవాళ్ల పేర్లు మాత్రం ఒకచోట భద్రంగా ఉన్నాయి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ వాళ్ల జాబితాలో ఉచితంగా వెతకవచ్చు. మనవాళ్లకు ఇంటిపేరు, పేరు అని విడివిడిగా ఉండవు, ఉన్న ఒక్క పేరునే ఇంటిపేరు గడిలో రాశారు. అందువల్ల పేరును ఆ గడిలోనే వేసి వెతకాలి. అక్షరాలు ఎన్ని రకాలుగా మారతాయో అన్ని రకాలుగా ప్రయత్నించాలి. డిసెంబరులో ఒక రాత్రి దొరికింది. గన్నర్ (ఫిరంగి దళ సిపాయి) అనే ర్యాంకు, నంబరు, తండ్రి పేరు, ఊరు, తూర్పు గోదావరి. మరణించిన తేదీ దినచర్యలోని ఆ తేదీయే. ఇంఫాల్ క్రిమేషన్ మెమోరియల్ మీద ఆయన పేరు చెక్కి ఉంది. అక్కడ దహనం చేసిన 868 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లలో ఆయనదొకటి. దినచర్యలోని ఆ అంకెకు ఒక పేరు, ఒక తండ్రి, ఒక ఊరు దొరికాయి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే అమ్మకు చెబితే ఆవిడ పూజ దగ్గరే కూర్చుని ఏడ్చింది.

ఆ కుటుంబాన్ని వెతకడం అనుకున్నంత కష్టం కాలేదు. ఊరి పేరును సరైన అక్షరాలతో పోల్చుకుని, ఆ ఊళ్లో టీచరుగా పనిచేసే మా బంధువు ద్వారా అడిగిస్తే రెండు వారాల్లో తెలిసింది. ఆయనకు పెళ్లి కాలేదు. తమ్ముడి కొడుకు ఉన్నారు, డెబ్భై నాలుగేళ్లు. 2024 ఫిబ్రవరిలో నాన్న, అమ్మ, నేను వెళ్లాం. వెళ్లేముందు ఫోను చేసి ఎందుకు వస్తున్నామో చెప్పాం. ఇలాంటి కబురు హఠాత్తుగా ఇంటి మీద పడకూడదు.

ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. "రండి బావగారూ" అని నాన్నను పిలిచారు. మా మధ్య ఏ చుట్టరికమూ లేదు, ఆయనే కలిపేశారు. పెదనాన్న యుద్ధంలో పోయారని ఒక తంతి వచ్చిందని, ఎక్కడో, ఏ రోజో ఇంట్లో ఎవరికీ తెలియదని చెప్పారు. తంతి కాగితం ఆయన నాయనమ్మతో పాటే చితికి వెళ్లింది, ఆవిడే అలా కోరింది. తిథి తెలియక ఎనభై ఏళ్లుగా మహాలయ అమావాస్య నాడే ఆయన పేరున పిండం పెడుతున్నారు. నేను దినచర్య పేజీ, సమాధుల సంస్థ వారి ధ్రువపత్రం ఆయన చేతిలో పెట్టాను. ఆ ధ్రువపత్రం డబ్బు కట్టకుండానే దించుకోవచ్చు. ఆయన తేదీ చూసి, లోపలికి పిలిచి, మనవరాలి చేత పంతులుగారికి ఫోను చేయించారు. పంతులుగారు పాత పంచాంగం చూసి తారణ నామ సంవత్సరం, వైశాఖ బహుళ పక్షం అని, తిథి కూడా చెప్పారు.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలకు ఏ కాగితంలోనూ జవాబు లేదు. పెదనాన్న అక్కడ ఏం చేసేవాడు? ఎవరితో ఉండేవాడు? అమ్మ చెప్పింది. గుండ్లు అందించేవారని, చలికి ముగ్గురూ ఒకే దుప్పట్లో దూరేవారని, గోధుమ రొట్టెలు నచ్చక బియ్యం వచ్చిన రోజు పండగ చేసుకునేవారని, ఆయన పాడితే పక్క ఫిరంగి వాళ్లు కూడా వచ్చి కూర్చునేవారని డ్రైవర్ తాతయ్య చెప్పగా విన్నవన్నీ చెప్పింది. ఆయన మనవరాలు అవన్నీ ఫోనులో రికార్డు చేసుకుంది. మా అమ్మ దగ్గర ఇంత సమాచారం ఉందని నాకే అప్పటివరకు తెలియదు. నాకు ఎప్పుడూ పతకాలున్న తాతయ్య గురించి అడగడమే అలవాటు.

ఖర్చు సంగతి: ధ్రువపత్రాలు, పోస్టు, నకళ్లు, జిల్లా కేంద్రానికీ రాజోలు వైపుకీ ప్రయాణాలు అన్నీ కలిపి అయిదారు వేలకు మించలేదు. లండన్‌లో అక్క రైలు చార్జీలు అక్కే పెట్టుకుంది. ఎక్కువ ఖర్చయింది కాలమే.

2024 మే చివర్లో, వైశాఖ బహుళంలో, ఆ ఇంట్లో మొదటిసారి సరైన తిథికి ఆబ్దికం పెట్టారు. మమ్మల్ని పిలిచారు, వెళ్లాం. సుబేదారు గారు కూడా వచ్చారు. ఇంఫాల్ వెళ్లి రాతి మీద ఆ పేరు చూసి రావాలని అందరి కోరిక. 2023 మే నుంచి మణిపూర్‌లో పరిస్థితులు బాగాలేనందున పెద్దవాళ్లతో ప్రయాణం ఆపుకున్నాం. ఈలోగా సమాధుల సంస్థ జాబితాలో ఊరి పేరు అక్షరాలు సరిచేయమని పంచాయతీ ధ్రువపత్రంతో ఆ కుటుంబం తరఫున ఉత్తరం రాశాం. జవాబు కోసం ఇప్పుడు రెండు ఇళ్లవాళ్లం ఎదురు చూస్తున్నాం.